సంపూర్ణ చంద్రగ్రహణము - భయము, దర్శనము



2025 సెప్టెంబరు 7, ఆదివారము, భాద్రపద పూర్ణిమనాటి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించినది. పంచాంగ పరిభాషలో 9-57కు స్పర్శ, 11-00కు నిమీలనము, 12-22కు ఉన్మీలనము, 1-26కు మోక్షము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో మబ్బు అడ్డురానిచోట పట్టు మొదలు విడుపు వరకు చూడదగిన గ్రహణమది.

అట్టి రాత్రి ఆకాశమున జరుగునదేమి? మొదట చంద్రుని తూర్పు అంచున మసి అంటినట్లుండును. గంటసేపటిలో బింబమంతయు మునుగును. అంతట చంద్రుడు నల్లబడి మాయమగునా? కాడు, పాత రాగిచెంబువలె ఎఱ్ఱబారును. వెన్నెల తరిగి, అంతవరకు కానరాని నక్షత్రములు బయటపడును. భూమి చుట్టునున్న గాలిపొర సూర్యకాంతిని వంచి, అందలి ఎఱుపును నీడలోనికి పంపుటయే దీనికి కారణము. సంజకెంజాయ ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఇంతటి దృశ్యము నడినెత్తికి చేరువగా నడచుచుండగా మన యిండ్లలో జరుగునదేమి? ఊరగాయ జాడీలపై దర్భలు వేయుదురు. పళ్లెములో రోకలి నిలిపి, అది గ్రహణవేళనే నిలుచునందురు. అడుగు చదునైన రోకలిని మరునాడు నిలిపి చూచిన నిజము తేలును.

స్నాన జపములు ఎవరి విశ్వాసము వారిది; వానిని ఆక్షేపించుట యిచ్చట ఉద్దేశము కాదు. కాని గర్భిణిని చీకటిగదిలో కదలక మెదలక పడుకొనుమనుట, బిడ్డకు పెదవి చీలినచో "గ్రహణమొఱ్ఱి" అని తల్లినే దోషిని చేయుట - ఇది విశ్వాసము కాదు, అన్యాయము. గర్భము దాల్చిన తొలి రెండుమూడు నెలలలో ముఖభాగములు సరిగా కలియకపోవుటవలన ఆ చీలిక ఏర్పడునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. దానికిని చంద్రుని నీడకును సంబంధము లేదు. శస్త్రచికిత్సతో దానిని సరిచేయవచ్చును. ఒక్క పేరు ఎందరు తల్లులచేత కన్నీరు పెట్టించినదో!

రాహువు మ్రింగుననువారు ఒక్కమాట యోచింపవలెను. మీదపడు శత్రువు ఘడియ విఘడియలు ముందుగా చెప్పి వచ్చునా? పంచాంగకర్త ఏడాది ముందే లెక్కగట్టుచున్నాడు గదా! క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున ఆర్యభటుడు చంద్రుని కప్పునది భూచ్ఛాయయే యని స్పష్టపరచెను. చంద్రమార్గము సూర్యమార్గమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. ఆ రెండును ఖండించుకొను బిందువులకే మన గణితమున రాహుకేతువులని పేరు. పూర్ణిమ ఆ బిందువుల చెంత సంభవించినప్పుడే గ్రహణము. కనుకనే ప్రతి పూర్ణిమకును గ్రహణము లేదు.

లెక్క తెలిసినవాడు తెలియనివానిని ఏలుననుటకు 1504వ సంవత్సరమే సాక్షి. జమైకా ద్వీపమున చిక్కుకొన్న కొలంబసు, తనయొద్దనున్న పంచాంగమువంటి గ్రంథమును చూచి, దేవుడు చంద్రుని వెలుగును హరించునని ద్వీపవాసులను బెదరించెను. ఫిబ్రవరి 29 రాత్రి గ్రహణము పట్టగా వారు భీతిల్లి ఆహారము తెచ్చి యిచ్చిరి. ఒక పుస్తకము ఒకని చేతనుండి, తక్కినవారి చేత లేకపోయిన ఫలమిది. పుస్తకము అందరి చేతికిని వచ్చుటకే గ్రంథాలయములు వెలసినవి.

2028 డిసెంబరు 31 రాత్రి మరల మన ఆకాశమున సంపూర్ణ చంద్రగ్రహణము కలదు. చంద్రగ్రహణమును వట్టి కన్నులతో చూచిన హానిలేదు, అద్దములతో పనిలేదు. నాడు బాలబాలికలను మిద్దెలపైకి తోడ్కొనిపొండు. భూచ్ఛాయ అంచు వంకరగా నుండుట చూపి, భూమి గుండ్రనిదని వారిచేతనే చెప్పింపుడు. గర్భిణులు కూడ తమ వాకిట నిలిచి నిర్భయముగా చంద్రుని చూచిననాడే యీ గ్రంథాలయ కృషి ఫలించినట్లు.