పాటల లిటిల్ మ్యాగజైన్: మొహీనేర్ ఘోడాగులి



ఎవరి పేరు మీద మనం ఈ సాయంత్రం ఇక్కడ కూడామో ఆయన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగువాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ. 1996లో సెలవులకు వచ్చినప్పుడు నా చేతిలో ఒక కాపీ క్యాసెట్ పెట్టాడు. లోపలి అట్ట మీద ఆ బెంగాలీ పాటల మొదటి మాటలు ఆకుపచ్చ సిరాతో తెలుగు లిపిలో రాసి ఉన్నాయి. మనం 'అ' అనుకునే చోటల్లా 'ఒ' పెట్టాడు. పక్కన చిన్న అక్షరాల్లో నాకో హెచ్చరిక: "తప్పులు దిద్దకు, వాళ్ళు పలికేది అలాగే." ఎదురుగా పొగిడితే లేచి వెళ్ళిపోయే మనిషి. అందుకని ఆయన్ను వదిలేసి, ఆ క్యాసెట్ గురించి మాట్లాడతాను.

ఆ క్యాసెట్ వెనకున్న బ్యాండ్ పేరు మొహీనేర్ ఘోడాగులి, అంటే మహీన్ గుర్రాలు. జీవనానంద దాస్ 'ఘోడా' అనే కవితలోంచి తీసుకున్న పేరిది. వెన్నెల రాత్రి మైదానంలో గుర్రాలు మేస్తుంటాయి, రాతియుగం నాటివి ఇంకా గడ్డి కోసమే తిరుగుతున్నట్టు. మహీన్ ఎవరో కవి చెప్పడు. 1975లో కలకత్తా దక్షిణాన నాక్‌తలాలోని ఒక ఇంట్లో ఏడుగురు పోగయ్యారు. అన్నదమ్ములు, చుట్టాలు, స్నేహితులు. ఏడుగురు కాబట్టి మొదట 'సప్తర్షి' అనుకున్నారు. తర్వాత 'తీరందాజ్' అయింది, అంటే విలుకాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు 'గౌతమ్ చటర్జీ బీఎస్సీ అండ్ సంప్రదాయ్' అని కూడా నడిచింది. మన ఊళ్ళలో 'ఫలానా బృందం' అని బోర్డు కట్టే కథకుల పద్ధతికి బీఎస్సీ డిగ్రీ తగిలించిన వెక్కిరింత అది. చివరికి రంజన్ ఘోషాల్ ఈ గుర్రాల పేరు తెచ్చాడు.

ఆ బీఎస్సీ గౌతమ్ చట్టోపాధ్యాయే బృందానికి పెద్ద. అందరికీ మణిదా. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాడు. పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళతో కలిసి ఇంగ్లీషు పాటలు వాయించాడు. అక్కణ్ణించి నక్సల్బరీ రాజకీయాల్లోకి వెళ్ళాడు, అరెస్టయ్యాడు, జైల్లో ఉన్నాడు. పశ్చిమ బెంగాల్లో ఉండకూడదన్న షరతు మీద వదిలిపెడితే మధ్యప్రదేశ్ వెళ్ళి మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగం చేశాడు. గిటారు పట్టిన చేత్తో మందుల సంచీ మోశాడు.

ఇక్కడ నాకు శ్రీకాకుళం గుర్తొస్తుంది. అదే ఉద్యమపు అలలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను తీసుకెళ్ళి కొండల్లో పాడాడు. ఆయన్ను 1969 డిసెంబరులో పోలీసులు చంపేశారు. ఆయన జానపదాన్ని చేతబట్టుకుని ఉద్యమంలోకి నడిస్తే, గౌతమ్ ఉద్యమం చల్లారాక బయటికొచ్చి, బెంగాల్ పల్లెల్లో తిరిగే బాఉల్ గాయకుల పాటను చేరుకున్నాడు. ఇద్దరూ పల్లె పాట దగ్గరికే వెళ్ళారు. వేళలే వేరు. నినాదం అలిసిపోయాక మిగిలే దిగులు ఒకటుంటుంది కదా, ఈ బ్యాండ్ సరుకంతా అదే.

వాళ్ళు వాయించినదాన్ని కొందరు బాఉల్-జాజ్ అన్నారు. పేరుకేం గానీ, వినికిడి ఇలా ఉంటుంది: అబ్రహాం మజుందార్ పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ లాగుతుంటాడు, ప్రదీప్ వేణువు ఊదుతాడు, మణిదా ఒకచోట గిటారు, ఇంకోచోట శాక్సోఫోను. వెనకాల బిషు డ్రమ్ములు. గొంతులు మాత్రం పడవ సరంగులవి. అప్పటి బెంగాలీ ఇంట్లో రేడియో పెడితే రవీంద్ర సంగీతం, హేమంత కుమార్, మన్నా డే. ఆ తీపి చెవులకు ఇది పుల్లగా తగిలింది.

'హాయ్ భాలోబాషీ' అనే పాట చూడండి. తనకు నచ్చినవన్నీ వరసగా చెప్పుకుపోతాడు: వెన్నెల, పికాసో, బున్యువెల్, బీటిల్స్, డిలాన్, రవిశంకర్, అలీ అక్బర్. పెళ్ళిచూపుల్లో అభిరుచులు చెబుతున్న కుర్రాడిలా సాగుతుంది. హఠాత్తుగా, ఇవన్నీ ఉన్నా మనసు బాగాలేదంటాడు. ఎందుకో తనకే తెలియదు. ఎమర్జెన్సీ మొదలైన ఏడాది పుట్టిన బ్యాండు, లెఫ్ట్ ఫ్రంట్ గద్దెనెక్కిన 1977లో మొదటి రికార్డు తెచ్చింది. ఊరంతా గెలుపు సంబరాల్లో ఉంటే దాని పేరేమో 'కలతపడిన పక్షులు, కలకత్తా గురించి'!

1978లో రెండోది, 1979లో మూడోది. మూడు రికార్డులూ కలిపితే పాటలు పట్టుమని పది ఉండవు. రవీంద్ర సదన్‌లో కచేరీ చేశారు, 1980లో జాజ్ ఉత్సవంలో వాయించారు. మెచ్చినవాళ్ళు కొద్దిమంది. 1981లో గుర్రాలు తలో దిక్కుకు పోయాయి. బిషు అమెరికాకు, రంజన్ బెంగళూరుకు, అబ్రహాం తన వయొలిన్ పాఠాలకు. మణిదా సినిమాకు వెళ్ళాడు. 1983లో తీసిన 'నాగ్‌మతి'కి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, పాములవాళ్ళ కథ.

కథ ఇక్కడే ఆగితే నేను ఈ వేదిక ఎక్కేవాణ్ణి కాదు. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ్ పాటల సంపుటి 'తొమాకే చాయ్' వచ్చి బెంగాలీ చెవిని మార్చేసింది. 1995 కలకత్తా పుస్తక ప్రదర్శనలో మణిదా ఒక క్యాసెట్ పెట్టాడు: 'ఆబార్ బొఛొర్ కుడి పొరే', మళ్ళీ ఇరవయ్యేళ్ళ తర్వాత. ఆ మాటా జీవనానందుడిదే. పాటలు అమ్మింది పుస్తకాల సంతలో అన్నది గమనించండి. అట్ట మీద 'మొహీనేర్ ఘోడాగులి సంపాదితో' అని ఉంటుంది. పాతవాళ్ళు మళ్ళీ కలిసి వాయించిన పాటలు కావవి. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని కుర్ర బృందాల పాటల్ని తన పాటల పక్కన కూర్చి, బ్యాండ్ పేరును సంపాదకుడి పేరుగా వాడాడు. 1996, 1997, 1998ల్లో మరో మూడు సంపుటాలు అలాగే వచ్చాయి.

బెంగాలీలో సంపాదితో అంటే 'సంపాదకత్వం వహించిన' అని. మనకు సంపాదన అనగానే డబ్బు తడుతుంది. ఆ రెండో అర్థం ఈ గుర్రాలకు ఎన్నడూ అంటలేదు. కానీ తన పేరు కింద ఇంకొకరి పాటకు చోటిచ్చిన బ్యాండ్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు. లిటిల్ మ్యాగజైన్ నడిపిన మన పెద్దలు చేసింది సరిగ్గా ఇదే: అప్పుచేసి అచ్చేసి, కొత్తవాడి కవితను మొదటి పేజీలో వేయడం. బెంగాలీ రాక్ తర్వాత ఇన్ని కొమ్మలేసిందంటే ఆ నాలుగు క్యాసెట్ల వల్లనే అని నా గట్టి నమ్మకం.

మణిదా 1999 జూన్ 20న పోయాడు. ఏడేళ్ళకు 'గ్యాంగ్‌స్టర్' హిందీ సినిమాలో 'భీగీ భీగీ' పాట మోగింది. మీలో సగంమందికి వచ్చే ఉంటుంది. అది 1995 క్యాసెట్‌లోని 'పృథిబీటా నాకీ' బాణీ. ఆ పాటలో విషయం, ప్రపంచం చిన్నదై డ్రాయింగ్ రూములోని టీవీ పెట్టెలో బందీ అయిందని. హిందీలో అది విరహగీతమై, అదే టీవీ పెట్టెలో పొద్దస్తమానం మోగింది. ఈ సంగతికి మా ఖరగ్‌పూర్ మిత్రుడు పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రంజన్ 2020 జూలైలో పోయాడు. బ్యాండ్‌కు పాటలు కట్టిన తాపస్ దాస్, అందరి బాపీదా, క్యాన్సర్‌తో 2023 జూన్‌లో పోయాడు. ఆయన వైద్యం కోసం కుర్ర బ్యాండ్లు కచేరీలు చేసి డబ్బు పోగేశాయి.

ఆ క్యాసెట్ బయట బల్ల మీద పెట్టాను, ఆకుపచ్చ సిరా అట్టతో సహా. టేప్ రికార్డర్ ఇంకా పనిచేస్తున్నవాళ్ళు తీసుకెళ్ళండి. విని, కాపీ చేసుకుని, నెలలోపు తిరిగివ్వండి. ఆ తప్పులు మాత్రం దిద్దకండి.