రిమోట్ స్టార్టర్లు: లోపమున్న సరుకును వాపసు పిలిపించే హక్కు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పినారు. నాకు అప్పజెప్పిన విషయం చూసేదానికి చిన్నది. మన జేబులోని సెల్‌ఫోన్‌కు, చేన్లోని మోటారుకు నడుమ ఉండే డబ్బా గురించి. సిమ్ము వేసే మొబైల్ స్టార్టర్ అంటాం, ఆటో స్టార్టర్ అంటాం, రిమోట్ అంటాం. పని మాత్రం ఒకటే: మనిషి దగ్గర లేకుండా మోటారు ఆడించడం. ఆ డబ్బాలో లోపముంటే ఏమవుతుంది, దానికి జవాబుదారీ ఎవరు, చేసినవాడు దాన్ని వాపసు తీసుకునేట్లు చేయడం ఎట్లా? ఈ మూడు సంగతులు చెప్పి కూర్చుంటా.

ముందు బయటి దేశాల సంగతి ఒకటి వినండి. అడవుల్లో, బురదలో తిరిగే బండ్లకు ముందు భాగంలో వించి ఉంటుంది. ఇనుప తాడు చుట్టుకునే డ్రమ్ము, దాన్ని తిప్పే మోటారు, దూరం నుంచి నొక్కేదానికి ఒక రిమోటు. బండి దిగబడితే తాడును చెట్టుకు కట్టి బటన్ నొక్కితే చాలు, బండి తనను తానే బయటికి లాక్కుంటుంది. ఆ రిమోట్లో లోపముంటే, మనిషి చెయ్యి తాడు దగ్గర ఉన్నప్పుడు డ్రమ్ము తనంతట తాను తిరగొచ్చు. తిరిగితే వేళ్లు పోతాయి. అందుకే లోపం బయటపడితే ఆ రిమోట్లను వాపసు పిలిపిస్తారు. ఫలానా నెంబరు సరుకు వాడొద్దు, పక్కన పెట్టండి, మేమే బాగుచేసి ఇస్తాం, లేదంటే మార్చి ఇస్తాం అని ప్రకటన వస్తుంది. దీన్నే రీకాల్ అంటారు. అమెరికాలో ఈ పని చూసేదానికి 1972లో చేసిన చట్టం కింద వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఉంది.

మనకు అట్లాంటి షికారు బండ్లు లేవు గానీ, వించి మాత్రం ఉంది. బోరు మోటార్లు దించే, లాగే బండికి ఉండేది అదే కదా. రిమోటు అంతకన్నా ఎక్కువ ఉంది. పులివెందుల, లింగాల, వేముల వైపు అరటి, చీనీ తోటల్లో చూడండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు బోర్ల కింద సేద్యం చేసేవాళ్ల దగ్గర చూడండి. స్టార్టర్ పెట్టె పక్కన ఆ డబ్బా తగిలించి ఉంటుంది.

రైతు దీన్ని సోకు కోసం కొనలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, మంచిదే. అయితే కరెంటు ఎన్ని గంటలు, ఏ వేళ అన్నది మన చేతిలో లేకపోయె. అర్ధరాత్రి త్రీ ఫేజ్ వస్తే టార్చిలైటు పట్టుకుని గనిమల మీద నడవాల్సి వచ్చె. పాము కరిచి పోయినవాళ్లు, తడి స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లు మనకు తెలిసినవాళ్లే. ఆ బాధ పడలేక ఇంట్లో నుంచే మోటారు ఆడించే డబ్బా కొన్నాం. కొన్న రైతుది తప్పు కాదు. రైతు భయాన్ని చూసి అమ్మినవాడు ఆ డబ్బా భద్రమైనదో కాదో చూసి అమ్మాలి.

ఇప్పుడు లోపం ఎక్కడ వస్తుందో చూద్దాం. పాత స్టార్టర్లో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోతే అది వదిలేస్తుంది, స్టార్టర్ పడిపోతుంది. కరెంటు మళ్లీ వచ్చినా, మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. మనం ఇబ్బంది అనుకున్నాం గానీ, అది ఒక కాపలా. ఆటో స్టార్టర్ చేసే మొదటి పని ఆ కాపలాను తీసేయడం. మూడు ఫేజులు రాగానే, కొంచెం ఆగి, పచ్చ బటన్ తానే నొక్కుతుంది. అక్కడ ఎవరున్నారో దానికి తెలీదు.

రెండోది, ఫోన్లో “మోటార్ ఆఫ్” అని వస్తే కరెంటు పోయినట్లు కాదు. ఆ డబ్బా మోటారును ఆపుతుందే గానీ స్టార్టర్‌కు వచ్చే కరెంటును ఆపదు. స్టార్టర్ లోపల పై బిళ్లల మీద 415 వోల్టులు అట్లనే నిలబడి ఉంటాయి.

మూడోది, పాయింట్లు కాలి ఒకదానికొకటి అతుక్కుంటే, ఆపమని ఫోన్ చేసినా మోటారు ఆగదు. డబ్బా ఆపినాననే అనుకుంటుంది. ఫోన్లో ఉన్నది ఒకటి, చేన్లో జరిగేది ఇంకొకటి.

మా పక్క ఊర్లో జరిగింది చెప్తా. బోరు దగ్గర మెకానిక్కు స్టార్టర్ విప్పి కూర్చున్నాడు. తోట యజమాని కొడుకు టౌన్లో ఉన్నాడు. మరమ్మతు సంగతి ఆ పిల్లోనికి తెలీదు. నీళ్లు పెట్టే వేళయిందని ఫోన్ కొట్టినాడు. మెకానిక్కు చెయ్యి కాలింది. ప్రాణం మిగిలింది గానీ, మూడు నెలలు పనికి పోలేదు. ఇంట్లో సంపాదించేది ఆయన ఒక్కడే. డబ్బా మీద గానీ, దాంతో ఇచ్చిన కాగితంలో గానీ “మరమ్మతు చేసే ముందు మెయిన్ తీయండి” అని తెలుగులో ఒక్క మాట లేదు. అమ్మిన అంగడికి పోతే మొదట అడిగింది “బిల్లు ఉందా?” అని. బిల్లు లేదు. తెల్ల చీటీ మీద రాసిచ్చిన లెక్క ఉంది. అంతటితో మాట అయిపోయింది.

ఆటో స్టార్టర్ల మీద ప్రభుత్వాలు మాట్లాడలేదని కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పినారు. భూగర్భ జలం అడుగంటుతుందని, మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదని వాళ్ల బాధ. అది న్యాయమైన మాటే. ట్రాన్స్‌ఫార్మర్ కోసం చేసిన ప్రచారంలో సగమైనా స్టార్టర్ దగ్గర కూర్చునే మనిషి కోసం జరగాలని మన సంఘం అడుగుతోంది.

చట్టం ఉందా? ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమలులోకి వచ్చింది 2020 జూలై 20న. దాని కింద ఢిల్లీలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పెట్టినారు. ఆ చట్టం 20వ సెక్షన్ చదవండి. విచారణలో సరుకు ప్రమాదకరమని తేలితే దాన్ని వాపసు పిలిపించమని, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించే అధికారం ఆ అథారిటీకి ఉంది. ఆదేశం లెక్కచేయకపోతే 6 నెలల దాకా జైలు, 20 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇది కాగితం మీద మాట మాత్రమే కాదు. 2022 ఆగస్టులో ప్రమాణాలకు నిలవని ప్రెషర్ కుక్కర్ల విషయంలో అమెజాన్ సంస్థకు ఆ అథారిటీ ఆదేశం ఇచ్చింది. అమ్మిన 2,265 కుక్కర్ల కొనుగోలుదారులకు తెలియజేసి, వాపసు తీసుకుని, డబ్బు ఇవ్వమన్నది. లక్ష రూపాయల జరిమానా వేసింది. ఇక్కడ ఒక్కటి గమనించండి. 2,265 అని లెక్క ఎట్లా తేలింది? ఎవరికి అమ్మినారో ప్రతి పేరు, ప్రతి అడ్రసు వాళ్ల దగ్గర రాసి ఉంది కాబట్టి. మన అంగళ్లలో తెల్ల చీటీ మీద కొన్న స్టార్టర్‌ను రేపు కంపెనీ వాపసు పిలిచినా, ఆ పిలుపు ఎవరికి అందుతుంది? పేరు లేని మనిషికి ఉత్తరం రాదు. నేను ఈరోజు చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. బిల్లు అంటే పన్ను కట్టే కాగితం అని మనం అనుకుంటాం. అది మన ప్రాణానికి సంబంధించిన కాగితం.

“రైతులు వినియోగదారులు కారు, వ్యాపారం కోసం కొన్నారు” అని కంపెనీ వకీలు అంటాడు. దానికి జవాబు మన రైతులే తెచ్చిపెట్టినారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు కొని నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో 2012 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అన్నది. విత్తనమంతా చల్లేసే రైతు దగ్గర శాంపిల్ ఎందుకు లేదని అడగడం సరికాదు అన్నది. బతుకుదెరువు కోసం తానే పని చేసుకుంటూ వస్తువు కొన్నవాడు వినియోగదారుడే అని 2019 చట్టమూ చెబుతోంది. రైతుకే కాదు, మోటార్లు దించే బండి తానే నడుపుకునే మెకానిక్కుకూ ఇది వర్తిస్తుంది.

తయారుచేసినవాని బాధ్యత 84వ సెక్షన్లో ఉంది. ప్రమాదం జరగకుండా సరైన సూచన, హెచ్చరిక ఇవ్వకపోవడం కూడా లోపమే. తెలుగు రైతుకు అర్థంకాని భాషలో అచ్చేసిన కాగితం సరైన హెచ్చరిక కాదని మనం వాదించాలి. డబ్బా మీద కంపెనీ పేరే లేదనుకోండి. 86వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే జవాబు చెప్పుకోవాలి. అయితే 87వ సెక్షన్ కూడా గుర్తుపెట్టుకోండి. వస్తువును మనం మార్చినా, వాడకూడని రీతిలో వాడినా కేసు నిలబడదు. వైర్లు బైపాస్ చేసి ఇవ్వమని మెకానిక్కును బలవంతం చేయొద్దు.

ట్రాక్టర్లున్నవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. లోపమున్న వాహనాలను వాపసు పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది. కానీ బయట వెల్డింగు షాపులో బిగించుకున్న వించికి వాహన కంపెనీ పూచీ పడదు. ఆ వించి, దాని స్విచ్చి, దాని రిమోటు ఎవరు చేసినారో వాళ్ల సంతకంతో బిల్లు తీసుకోండి.

ఇక పని మాట. మొదట ప్రాణం కాపాడుకునేది.

స్టార్టర్ విప్పే ముందు ఫోన్లో ఆపడం చాలదు. మెయిన్ స్విచ్ దించి, ఫీజులు పీకి, పని చేసే మనిషి జేబులో వేసుకోవాలి. ఆటోలో ఉన్న డబ్బాను మాన్యువల్‌కు మార్చాలి. ఆ నెంబరుకు ఫోన్ కొట్టే ఇంట్లోవాళ్లందరికీ ముందే చెప్పాలి. త్రీ ఫేజ్ పోయిన వేళ కూడా సింగిల్ ఫేజ్ ఉండొచ్చు, కాబట్టి కరెంటు లేదులే అనుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు మాత్రం మనం ముట్టకూడదు. అది లైన్‌మన్ లైన్ క్లియర్ తీసుకుని చేయాల్సిన పని, 1912కు ఫోన్ చేయండి. కసువు కోసే మిషన్‌కు, బోరు మోటారు పైకి లాగే వేళ ఏ మోటారుకూ రిమోటు తగిలించి ఉంచొద్దు. వించి తాడు బిగిసినప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడొద్దు.

రెండోది, కాగితం. జీఎస్టీ బిల్లు అడగండి. దాని మీద కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నెంబరు రాయించండి. బిల్లును, డబ్బాను కలిపి ఫోన్లో ఫోటో తీసుకోండి. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐఎస్ 8034 ప్రమాణం ఉంది. దాని మీద ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నెంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. కాలిన డబ్బాను రసీదు లేకుండా అంగడికి తిరిగి ఇవ్వొద్దు. మన సాక్ష్యం అదే.

మూడోది, ఫిర్యాదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. ప్రమాదకరమైన సరుకు మీద ఫిర్యాదును జిల్లా కలెక్టరుకు ఇవ్వొచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. అంటే ఢిల్లీకి పోనక్కరలేదు, కడప కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే చాలు. నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా పోవాలి. కంపెనీ పూణేలో ఉన్నా, కోయంబత్తూరులో ఉన్నా మన జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఒకే లోపంతో చాలామంది నష్టపోతే 35వ సెక్షన్ కింద కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒక్క కేసు వేయొచ్చు. సంఘం ఉండేది ఇందుకే.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి మూడు. రిమోట్ స్టార్టర్ల మీద హెచ్చరిక తెలుగులో, చెరగని అచ్చులో ఉండాలి. అమ్మే ప్రతి అంగడిలో కొన్నవాళ్ల పేరు, ఊరు, సీరియల్ నెంబరు రాసే రిజిస్టరు ఉండాలి. వాపసు ప్రకటన వస్తే అది రైతు సేవా కేంద్రాల్లో, కరెంటు ఆఫీసుల్లో అతికించాలి. ఎక్కడో ఇంగ్లీషు పేపర్లో ఒక మూల వేస్తే లింగాల రైతుకు చేరదు.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగింది మనం చేద్దాం. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు పెట్టండి. ఊర్లో ఎన్ని రిమోట్ స్టార్టర్లున్నాయి, ఏ కంపెనీ, ఏ నెంబరు, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడైనా తనంతట తాను లేచిందా, ఆపమంటే ఆగలేదా, ఇవి రాయండి. ఒక ఊర్లో ఒక డబ్బా చెడిపోతే అది ఒక రైతు ఖర్మ అంటారు. పది ఊర్లలో ఒకే మోడల్ ఒకే రీతిగా చెడిపోయిందని మనం చూపిస్తే, అది కంపెనీ లోపం అని కలెక్టరు ముందు నిలబెట్టొచ్చు.

వచ్చే నెల సమావేశానికి ఆ నోటుబుక్కులు తీసుకుని రండి. ఈ మూడు ప్రాంతాల లెక్క కలిపి, మొదటి అర్జీ కడపలో మనమే ఇద్దాం. అంతదాకా ఎవరి ఫీజులు వాళ్ల జేబులో పెట్టుకుని స్టార్టర్ విప్పండి. సెలవు.