తండ్రిని గూర్చిన ఒక చిన్న పుస్తకము
(బర్గూరు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2022వ సంవత్సరమున సాహిత్యమునకు నోబెల్ బహుమానము నందిన ఫ్రెంచి రచయిత్రి ఆనీ ఎర్నో, తన తండ్రి జీవితమును గూర్చి 'లా ప్లాస్' అను చిన్న పుస్తకము వ్రాసినది. అది 1984లో రెనోదో బహుమానము పొందినది. ఆ తండ్రి మొదట పాలేరు, పిమ్మట కర్మాగారమున కూలి, తుదకు నార్మండీ సీమలో చిల్లర కొట్టు నడపిన వర్తకుడు. కొట్టువాని కథ యనగానే మిక్కిలి యాశతో ఆంగ్లానువాదమును చదివితిని. వర్తకునిగా నాకు నిరాశయే మిగిలినది.

మొదటి కొట్టు రాబడి చాలక ఆతడు నూనెశుద్ధి కర్మాగారమున పనికి కుదిరెను; భార్య కొట్టు చూచుకొనెను. అరువు పద్దు బరువెట్టిదో మన బట్టల అంగళ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ఘట్టము కొలది వాక్యములలో ముగిసినది. కన్నీరు లేదు, నవ్వును లేదు.

ఈ పొడితనము చేతకాక వచ్చినది కాదు. తండ్రిని నాయకునిగ జేసి నవల ప్రారంభించి, నడుమ వెగటు పుట్టి మానితినని ఆమెయే ఆ పుస్తకమున చెప్పినది. అవసరములకు లోబడిన బ్రతుకును రంజకముగ జేయుట తగదని ఆమె తలంపు. దానిని గౌరవింతును. కాని వర్తకుని మాటనేర్పు, ఉల్లాసము కూడ సత్యమే కదా! సత్యము చెప్పుటకు రుచిని తీసివేయనేల?

అయినను ఆ పుస్తకమున మనము గ్రహింపవలసినది యొకటి కలదు. ఆ తండ్రికి తన యింటి నుడి యన్న సిగ్గు. చదువుకొన్న కుమార్తె ఆయన మాటను దిద్దెడిది. భాషయే వారి నడుమ గోడయైనది. మన యిండ్లలోను ఇదియే జరుగుచున్నది. 2006 నాటి తమిళ భాషాధ్యయన చట్టము పిమ్మట బడిలో తెలుగునకు చోటు ఇరుకైనది. తమిళము నేర్వవలసినదే, ఆంగ్లమును కావలసినదే. కాని మన కృష్ణగిరి సీమ తెలుగు విని ఆంధ్రులు నవ్వుదురేమోయని పిల్లలు దానిని దాచుకొనుట తగునా?

మీ తల్లిదండ్రుల మాటలను, సామెతలను, అంగడి లెక్కల పేర్లను నేడే వ్రాసియుంచుడు. వారు పలికినట్లే వ్రాయుడు, దిద్దకుడు. ఎర్నో తండ్రి 1967లోనే గతించెను. తనను గూర్చిన పుస్తకమును ఆయన చూడలేదు. మన పెద్దలు ఇంకను అరుగులమీద కూర్చుండియున్నారు. వ్రాసినది వారికి చదివి వినిపింపుడు.