కలిసి విన్న పాట
(నల్లకుంటలో జరిగిన పెద్దల కూటమిలో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సందర్భమున మన ప్రాంతపు జ్ఞాపకాలను గూర్చి మాట్లాడమని నన్ను కోరారు. కట్టడాలను గూర్చి, స్థాపకులను గూర్చి చెప్పగల వారు అనేకులున్నారు. నేను జనం నోట నిలిచిన సినిమా పాటను గూర్చి, దాని కచేరీలను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలకు సంగీతం పొరుగిల్లు వంటిది. 1961లో రవీంద్రభారతి ప్రారంభమైంది. 1966లో చిక్కడపల్లిలోనే త్యాగరాయ గానసభ వెలిసింది. శాస్త్రీయ సంగీతంతోపాటు సినీ గీతాలకు కూడా ఆ వేదికల మీద చోటు దొరికింది. టిక్కెట్టు కొనలేని వారికి వీధి పందిళ్ళు ఉండేవి. వినాయక నవరాత్రులలో తబలా, అకార్డియన్, గిటారు, డ్రమ్ములతో ఆర్కెస్ట్రా వచ్చేది. చాపలు పరచుకొని పిల్లలు ముందు, అరుగుల మీద పెద్దలు. కోరిన పాట చీటీ మీద వ్రాసి వేదిక మీదికి పంపేవారు. పందిరి దాకా రాలేనివారు మైకు సెట్టు పుణ్యమా అని ఇంటి గుమ్మంలోనే వినేవారు.

1970 ఫిబ్రవరి 1న లాల్ బహదూర్ స్టేడియంలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి రజతోత్సవం జరిగింది. ముప్పై వేలమందికి పైగా వచ్చారు. మన పేటల నుండి అది నడిచి వెళ్ళగల దూరమే. నాలుగేండ్లకే, 1974 ఫిబ్రవరి 11న, 51 ఏండ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

ఆ స్వరం రికార్డులలో భద్రంగా ఉన్నది. ఎవరు ఎవరిని వెంటబెట్టుకొని వెళ్ళారు, ఏ పాటకు మైదానం నిశ్శబ్దమైపోయింది, తిరుగుదారిలో ఎవరు రాగం తీశారు - ఇవి ఏ రికార్డులోనూ లేవు. ఇవి మనుష్యుల మనస్సులలోనే ఉన్నవి, వారితోనే వెళ్ళిపోతున్నవి.

మన క్రైస్తవ గృహములలో కొన్నిటిలో సినిమా పాట లోకసంబంధమైనదని పెద్దలు అభ్యంతరం చెప్పిన మాట నిజమే. అయినను ఆ పందిళ్ళ వద్ద కులమేదని, మతమేదని అడిగినవారు లేరు. పక్కవాని చాప మీద చోటు అడిగి కూర్చోవడం కూడా ఒక పొరుగు ప్రేమయే గదా!

1966లో తొలి సినిమా పాట పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020 సెప్టెంబరు 25న మరణించారు. అది కరోనా కాలం. సభలు లేవు, సంతాపానికి గుమికూడే వీలు లేదు. ఎవరి ఇంట్లో వారు టీవీ ముందు కూర్చొని కన్నీరు తుడుచుకొన్నాము. పాట చెవులకు అందింది గాని, పక్కన మనిషి లేకపోయెను. కలిసి వినడమంటే ఏమిటో ఆనాడు తెలిసింది.

కావున యౌవనస్థులకు నా మనవి ఒక్కటే. మీ యింటి పెద్దలను ఈ వారమే అడగండి: మీరు విన్న మొదటి కచేరీ ఏది? ఎక్కడ? మీ పక్కన ఎవరు కూర్చున్నారు? తేదీలు తప్పినా ఫరవాలేదు, చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టండి. ఆర్కెస్ట్రాలో వాయించి పేరు లేకుండా పోయిన వారి పేర్లు దొరికితే తప్పక చేర్చండి. అడిగేవారు లేకనే అనేక జ్ఞాపకాలు మూగబోయినవి.

సెలవు.