ఆర్థర్ ఆష్ చరిత్రము – దాతల కర్తవ్యము



విద్యానిధిని గూర్చి పలుకవలసిన మేము ఒక టెన్నిసు క్రీడాకారుని చరిత్రమును చెప్పబూనుట వింతగా దోపవచ్చును. కారణము తుదను విదితమగును.

అమెరికాయందలి రిచ్మండు పట్టణమున 1943వ సంవత్సరమున ఆర్థర్ ఆష్ అను నల్లజాతి బాలుడు జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి నల్లవారికి ప్రత్యేకింపబడిన క్రీడావనమునకు కావలివాడు. శ్వేతజాతీయుల ఆటస్థలములలో ఆ బాలునకు ప్రవేశము లేకుండెను.

లించ్‌బర్గు పురవాసియగు రాబర్టు వాల్టరు జాన్సను అను నల్లజాతి వైద్యుడు వానిని చేరదీసెను. ఆయన వేసవులయందు తన జాతి పిల్లలను స్వగృహమున నుంచుకొని, ఇంటి యాటస్థలమున శిక్షణ మొసగుచుండెను. ప్రత్యర్థి కొట్టిన బంతి గీతకు కొంచెము వెలుపల పడినను, లోపల పడినట్లే యెంచి యాడవలెనని ఆయన నియమము. కలహమునకు సాకు దొరకినచో నల్లజాతి పిల్లలను పోటీలనుండి తొలగింతురని ఆయన యెరుగును.

ఆ శిక్షణము ఫలించెను. ఆష్ 1968లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. నాటికి వృత్తిక్రీడాకారుడు కానందున బహుమాన ధనము నందుకొనలేదు. 1970లో ఆస్ట్రేలియా పోటీని, 1975లో వింబుల్డను పోటీని జయించెను. 1979లో హృద్రోగము పొడసూపగా మరుసటి యేట ఆట విరమించి, 1993లో దివంగతుడయ్యెను.

మన విద్యార్థివసతిగృహమునకు ధనమిచ్చి రాతిపలకలపై పేరు చెక్కించుకొన్న దాతలు పెక్కుండ్రు కలరు. వారి దానము పూజ్యమే. కాని ఒక్క వేసవియైన ఒక పేదబాలుని తమ యింట నుంచుకొని తీర్చిదిద్దినవారెందరు? బహుకాలము పాఠములు చెప్పిన మేమును ఆ పని చేయమైతిమి. రాబోవు వేసవినైనను ఒక్కొక్కరము ఒక్కొక్క బాలుని చేరదీయుదము. ఇదియే మా విన్నపము.