నిలిచిన విశ్వాసము

తెనాలినుండి బాపట్లకు పోవు పాసింజరు బండిలో కూర్చున్నవారికి కొద్దిసేపటికే చుండూరు స్టేషను వచ్చును. ఇరుప్రక్కల మాగాణులు, కాలువగట్లు, తాటిచెట్లు. ఈ దారిని గాని, తెనాలినుండి రేపల్లెకు చీలిన దారిని గాని పోవునపుడు, ఊరి చివరనున్న పేటలలో సున్నము వేసిన చిన్న ప్రార్థనాలయములు కనబడుచుండును. అవి అచ్చట ఎట్లు నిలిచినవన్నదే నేటి ప్రసంగ విషయము.

1842లో లూథరన్ మిషనరీ హయ్యరు దొర గుంటూరు చేరెను. 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరెను. క్లౌ దొర తన విశ్వాసులకు విధించిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు; చచ్చిన గొడ్డు మాంసము తినరాదు; విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న మాటలు. కాని ఊరి జాతరలో డప్పు కొట్టుట, పిలిచిన దినమున పనికి పోవుట మాదిగవాని విధి యని తలచిన కాలమది. అతడు "నేను రాను" అనుట ఊరి కట్టుబాటునే ధిక్కరించుట అయినది. కూలి నిలిచినది, నీరు నిలిచినది, దెబ్బలును తప్పలేదు. అయినను వెనుకకు మరలని వారు అనేకులు.

అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను మాట ఆనాడే పుట్టినది. 1876–78 నాటి కరవులో క్లౌ దొర బకింగుహాము కాలువ పనిలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించిన మాట నిజమే. అయితే ఈ నింద రాకూడదనియే, సహాయము సాగినంతకాలము ఆయన బాప్తిస్మములను ఆపివేసెను. అది ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు పోయినది, గంజి కేంద్రములు పోయినవి, విశ్వాసము మాత్రము పోలేదు.

మన కాలమునకు వత్తము. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైరి. ఆ పేటలో అనేకులు క్రైస్తవులు. అది కులద్వేషము చేసిన పని. మతము దానికి కారణము కాదు. బ్రదికినవారు తెనాలికి చేరి తలదాచుకొనిరి. మృతులను వారు ఊరి నడుమనే సమాధి చేసిరి. దాని పేరు రక్తక్షేత్రము. ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము కూర్చుండి, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఒక యేడాది శిక్షయు విధించెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారినందఱిని నిర్దోషులనెను. తీర్పులు మాఱినవి, సమాధులు కదలలేదు. వానియొద్ద ప్రార్థించువారును కదలలేదు.

ఇంకొక పరీక్ష కలదు. దానికి కత్తి అక్కరలేదు, కాగితము చాలును. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులనే ఆ జాబితాలో చేర్చినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటిచ్చినది, క్రైస్తవులకు ఈయలేదు. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమునందు చేర్చి ఒక శాతము కేటాయించిరి. 2025 ఏప్రిల్ 30న, బాపట్ల ప్రాంతపు పాస్టరొకరి కేసులో, క్రైస్తవము స్వీకరించినవానికి అత్యాచార నిరోధక చట్టపు రక్షణ వర్తింపదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది.

మతము మాఱినను పేట మాఱలేదు, పిలుపు మాఱలేదు. అందుచేత ఆదివారము ప్రార్థనాలయమున ఒక పేరు, ధ్రువపత్రమున మఱియొక పేరు పెట్టుకొన్న కుటుంబములు కలవు. వారిని అపహసించుట తేలిక. బిడ్డ చదువునకును, తల్లి నేర్పిన ప్రార్థనకును నడుమ నిలిచి ఒకటి ఎంచుకొమ్మన్నపుడు, మనమైన నేమి చేయుదుము?

పూర్వము వీరు అన్నము కొరకు విశ్వసించిరనిరి. నేడు విశ్వాసమే వారి అన్నమునకు అడ్డమగుచున్నది. అయినను ఆదివారము తెల్లవాఱగనే ఆ పేటలలో గంట మ్రోగును. వృద్ధురాలు ముసుగు సవరించుకొని, మనుమని చేయి పట్టుకొని బయలుదేరును. ఆ పాతనిందకు ఆమె నడకయే సమాధానము.