గన్నేరు పేరిట మూడు మొక్కలు

(మధురలో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. శాస్త్రజ్ఞులము అంతకన్నను కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రుల నాటి మూలికల అంగడిలో కూర్చున్నవారము. అయినను ఈ విషయమై మమ్ము మాటలాడుమని మీరు కోరుటకు కారణము లేకపోలేదు. మనవారిలో ఎవరి యింటనైనను రాచపుండు, అనగా క్యాన్సరు, అని తేలినచో, ఆసుపత్రికి పోవు దారిలో వారు మా అంగడి మెట్లెక్కుచున్నారు. "బిళ్లగన్నేరు దానికి మందట గదా! వేరున్నదా, ఆకున్నదా?" అని అడుగుచున్నారు. కొందరు "బిళ్ల" అను మాట విడిచి, వట్టి గన్నేరు వేరే కావలెననుచున్నారు. ప్రాణభయముతో వచ్చినవారికి సరకు కలదనియో లేదనియో చెప్పి పంపినంత మాత్రమున మా పని తీరదు.

మొదట పేరు సంగతి. మన తెలుగున గన్నేరు అను పేరు మూడు మొక్కలకు కలదు. పూజకు ఎర్రని, తెల్లని పూలనిచ్చు గన్నేరు ఒకటి. దీనినే సంస్కృతమున కరవీరమందురు. పసుపు పూల పచ్చగన్నేరు రెండవది. పెరటిలో తనంతట మొలచి ఏడాది పొడవున పూయు బిళ్లగన్నేరు మూడవది. వృక్షశాస్త్రము ప్రకారము మూడును ఒకే కుటుంబములోనివే. కాని మొదటి రెంటిలో నున్నది గుండెను పట్టు విషము. అది గుండె నడకను చెరచి ప్రాణము తీయగలదు. తమిళులకు ఈ చిక్కు లేదు. వారు మొదటి రెంటిని అరళి యందురు. బిళ్లగన్నేరును నిత్యకల్యాణి యందురు. షోలాపురము వైపున అది సదాఫులి, ఒడిశాలో సదాబిహారి. ఇచ్చట తమిళ బడిలో చదువుకొన్న మన పిల్లవాడు, ఇంటిలో అవ్వ చెప్పిన గన్నేరును అంగడిలో అరళి యని మార్చి అడిగినచో ఏమగునో మీరే ఊహింపుడు.

ఇక బిళ్లగన్నేరు మందైన విధము. జమైకా ద్వీపమున దీని ఆకుల కషాయమును మధుమేహమునకు త్రాగుచుండిరి. 1952లో అచ్చటి నుండి కొన్ని ఆకులు కెనడాకు చేరి, వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన రాబర్టు నోబుల్ చేతికి వచ్చెను. ఎలుకలకు నోట పోసి చూచిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కించి చూచిరి. చక్కెర అప్పుడును తగ్గలేదు గాని, కొద్ది దినములలో ఎలుకలు చీముగడ్డలు లేచి చచ్చెను. మరియొకరైనచో ఆకులను పారవేసి యుందురు. నోబులును, ఆయనతో పనిచేసిన చార్లెస్ బీరును, ఎలుకలు ఏల చచ్చెనని విచారించిరి. రోగములతో పోరాడు తెల్లకణములు తగ్గిపోయినవనియు, ఎముకలలోని మూలుగ చెడినదనియు తేలెను. తెల్లకణములు అదుపు తప్పి పెరుగుటయే గదా రక్తపు క్యాన్సరు! ఆ విషమునే వేరుచేసి, విన్‌బ్లాస్టిన్ అను పదార్థముగా 1958లో వెల్లడించిరి. అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీవారు అదే మొక్క నుండి విన్‌క్రిస్టిన్ అను మరియొక మందును తీసిరి. దానికి 1963లో అనుమతి లభించెను. పసిపిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో అది నేటికిని వాడుకలో నున్నది.

మా వర్తకుల కంటికి ఇందులో ముందుగా కనబడునది తూకము. మాకు ఆకు బస్తాల లెక్క. ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్ ఒక పర్యాయమునకు సాధారణముగా 2 మిల్లీగ్రాములకు మించదు. మా అంగడి త్రాసు దానిని చూపనే చూపదు. అది నరమున ఎక్కించు మందు, మ్రింగునది కాదు. ఆ కొద్దిపాటి మోతాదుకే చేతులు, కాళ్లు తిమ్మిరెక్కును. పొరపాటున వెన్నులో ఎక్కినచో ప్రాణమే పోవును. ఇట్టి దానిని వైద్యులు రక్తము పరీక్షించుచు, దినములు లెక్కించుచు ఇచ్చుచుండగా, 70కి మించిన ఆల్కలాయిడ్లు గల ఆకును మనము గుప్పెడు లెక్కన కాచి త్రాగుట ఎట్టి లెక్క? ఆ గుప్పెటిలో ఏది ఎంత యున్నదో అమ్మువానికిని తెలియదు, కొనువానికిని తెలియదు.

ఎర్ర గన్నేరును కూడ పరీక్షింపకపోలేదు. దాని సారమును అమెరికాలో కొందరు క్యాన్సరు రోగులకు సూది ద్వారా ఇచ్చి, 2006లో ఫలితములు ప్రకటించిరి. ఏ ఒక్కరికిని గడ్డ కరిగినట్లు కనబడలేదు.

ఫలానా ఆకు రసము గాజుపాత్రలో క్యాన్సరు కణములను చంపెనని పత్రికలలో తరచు చదువుచున్నాము. ఉప్పు ఎక్కువైనను ఆ కణములు చచ్చును, సారాయి పోసినను చచ్చును. ఎంత మోతాదుకు చచ్చినవి, మంచి కణములు ఎన్ని మిగిలినవి అనునదియే ప్రశ్న. దాని తరువాత జంతువులు. ఆ పైన మనుష్యులలో ఎంత మోతాదు ఓర్చుకొనగలరు, గుణమున్నదా, ఉన్న మందుకంటె మేలా అని అంచెలంచెలుగా చూడవలెను. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1960 మొదలు 1982 వరకు సుమారు 35,000 మొక్కల నమూనాలను పరీక్షించెను. రోగి వరకు చేరినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. వానిలో ఒకటి, చీనా దేశపు చెట్టు నుండి తీసి 1966లో ప్రకటించిన క్యాంప్టోథెసిన్. రోగులకు మూత్రమున రక్తము పడుట మొదలగు బాధలు పుట్టుటచే దాని పరీక్షలు ఆగిపోయెను. దాని రూపమును మార్చి చేసిన మందులకు అమెరికాలో 1996లో గాని అనుమతి రాలేదు. అదే పదార్థము మన పడమటి కనుమల చెట్టొకదానిలో కలదని 1972లో తెలిపినవారు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేసిన గోవిందాచారిగారును, వారి సహచరుడును. ఈ మాట చెప్పునపుడు మాకు కొంత గర్వము కలుగక మానదు.

"తాతల నాటి నుండి వాడుచున్నాము, ఏమైనది?" అని పెద్దలు అడుగుదురు. వెంటనే పట్టు విషము తాతలకు తెలిసినది. ఏండ్లు గడచిన పిదప పైకి వచ్చు విషము ఏ తాతకు తెలియును? 1990ల తొలినాళ్లలో బెల్జియమున బరువు తగ్గుటకై చీనా మూలికల మాత్రలు మ్రింగిన స్త్రీలలో 100 మందికి పైగా మూత్రపిండములు చెడెను. వారిలో పలువురికి తరువాత మూత్రమార్గమున క్యాన్సరు కనబడెను. ఒక మూలికకు బదులు, చీనా భాషలో దానికి దగ్గరి పేరు గల మరియొకటి కలిసినదట. అచ్చటను పేరే చంపినది! ఆ రెండవది మన ఈశ్వరి, గాడిదగడపాకుల జాతిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2002లో ఆ జాతి కలిసిన మందులను మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిగా నిర్ణయించెను. ఆ రెంటిని లోపలికి పుచ్చుకొను మందుగా అమ్ముట మేము మానితిమి. పాత ఖాతాదారులు కొందరు అలిగిరి, అలగనిండు.

ఇప్పుడు మా అంగడి డబ్బాలపై తెలుగు, తమిళ పేర్లతోపాటు శాస్త్రీయ నామమును వ్రాయించుచున్నాము. మూలికల వ్యాపారమున నున్న మనవారు తమ ఊళ్లలో వాడుకలో నున్న పేర్లను, వీలైనచో ఎండిన కొమ్మతో సహా, సంఘ కార్యాలయమునకు పంపవలెను. వృక్షశాస్త్రము బోధించువారిచేత సరిచూపించి, వారమునకు కొన్ని చొప్పున ఈ పత్రికలో అచ్చువేయింతుము. క్యాన్సరు చికిత్సలో నున్నవారు ఏ కషాయము త్రాగుచున్నను వైద్యునితో దాచక చెప్పవలెను. భాష రాక, తోడు లేక ఆసుపత్రికి పోజాలని వృద్ధులు కార్యాలయమున పేరు వ్రాయించినచో మన యువకులు వెంట వచ్చెదరు. ఆదివారము ఉదయము 9 గంటల నుండి మేమచ్చటనే యుందుము.